చన్నీటిలోని వెచ్చదనం

పుష్యమాసపు తెల్లవారుజామున పల్లెలో నూతి దగ్గరకు వెళ్ళినవారికి ఒక వింత అనుభవమవుతుంది. గాలి ఎముకలు కొరుకుతూ ఉంటుంది. చేదతాడు మంచుకు తడిసి చేతికి చల్లగా తగులుతుంది. పైకి వచ్చిన నీరు మాత్రం గోరువెచ్చగా ఉంటుంది. నూతిలోనుంచి సన్నని ఆవిరి లేస్తుంది. అదే నీరు వైశాఖంలో చల్లగా ఉండి, ఎండన పడి వచ్చినవాని ప్రాణం నిలుపుతుంది. నుయ్యి ఋతువును బట్టి తన గుణం మార్చుకొంటుందని పిల్లలు అనుకొంటారు. కాని మార్పు నూతిలో లేదు. నేలలో కొంత లోతుకు పోయిన తరువాత ఏడాది పొడవునా వేడి ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. మారేది పైనున్న గాలి. ఆ గాలిలో తిరిగే మనిషి చర్మం.

ఇంత చిన్న సంగతిలో ఒక పెద్ద సత్యం ఇమిడి ఉన్నది. చల్లదనం అనేది ఒక వస్తువు కాదు. చేతికి చల్లగా తోచిన నీటిలో వేడి లేదని అర్థం కాదు. చేతిలో ఉన్నంత తీవ్రంగా లేదని మాత్రమే అర్థం. పదార్థంలో వేడి పూర్తిగా అడుగంటే స్థితి సున్న డిగ్రీలకు 273 డిగ్రీల దిగువన ఉన్నది. ఆ లెక్కన చూస్తే, మంచుకురిసే దేశాలలో శీతకాలంలో 4 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పారే నది వట్టి చన్నీరు కాదు, కదిలిపోతున్న ఒక ధనాగారం. అయితే ఆ ధనం పల్లంలో ఉన్నది. వేడి నీటివంటిదే, తనంతట తాను మెరకనుంచి పల్లానికే పోతుంది. నదిలోని వేడి ఒడ్డున ఉన్న ఇంటిలోకి తనంతట తాను ఎక్కి రాదు. దానిని ఎవరో తోడి పోయవలసి ఉంటుంది.

తోడి పోయడమంటే ఏమిటో తెలుగు రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. మోట లాగే ఎద్దులు నీటిని పుట్టించవు. నీరు నూతిలోనే ఉన్నది. ఎద్దులు పడిన శ్రమంతా ఆ నీటిని కిందినుంచి మీదికి చేర్చడానికే. నుయ్యి ఎంత లోతైతే అంత శ్రమ. నీటినుంచి వేడిని తోడే హీట్ పంపు చేసే పని సరిగా ఇదే. బొగ్గు పొయ్యి వేడిని పుట్టిస్తుంది. విద్యుత్ కుంపటి వేడిని పుట్టిస్తుంది. హీట్ పంపు వేడిని మోసుకొని వస్తుంది. అందుచేతనే అది ఒక పాలు విద్యుత్తు తిని, మూడు నాలుగు పాళ్ళ వేడిని ఇంటికి చేర్చగలుగుతుంది. ఇందులో గారడీ ఏమీ లేదు. మిగిలిన పాళ్ళు నది ఇచ్చినవి.

దాని కడుపులోని సంగతి కూడ కష్టమైనది కాదు. అతి తక్కువ వేడికే మరిగే ఒక ద్రవాన్ని గొట్టాలలో బంధించి తిప్పుతారు. నదినీటి పక్కన పోయేటప్పుడు అది ఆ చన్నీటి వేడికే మరిగి ఆవిరి అవుతుంది. ఆ ఆవిరిని కంప్రెసరు గట్టిగా ఒత్తుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కినట్లే, ఒత్తిడికి లోనైన ఆవిరి వేడెక్కుతుంది. ఆ వేడిని ఇంటి పైపులలోని నీటికి అప్పగించి, తాను చల్లబడి, మళ్ళీ ద్రవమవుతుంది. ఒక సన్నని వాల్వు గుండా ఒత్తిడి తగ్గించుకొని తిరిగి నదినీటి దగ్గరకు వస్తుంది. ఈ ప్రదక్షిణం రాత్రింబగళ్ళు సాగుతూనే ఉంటుంది.

ఈ ఊహ కొత్తది కాదు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన విలియం థామ్సన్, తరువాత లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధికెక్కిన ఆయన, 1852లోనే దీనిని లెక్కలతో చూపించాడు. ఇంధనాన్ని నేరుగా కాల్చి ఇల్లు వెచ్చబరచుకోవడం కంటె, దానితో యంత్రం నడిపి బయటి వేడిని లోపలికి తోడుకోవడం ఎంతో పొదుపని ఆయన వాదం. ఆస్ట్రియాలోని ఎబెన్‌సే ఉప్పుకొటారులో పీటర్ రిట్టర్ వాన్ రిట్టింగర్ 1856లో ఆవిరిని ఒత్తి దాని వేడిని తిరిగి ఉప్పునీటికే అందించే యంత్రాన్ని నిలబెట్టాడు. అయినా నదినీటి వేడితో ఒక పెద్ద భవనాన్ని వెచ్చగా ఉంచడానికి ఇంకా ఎనభై ఏళ్ళకు పైగా పట్టింది. స్విట్జర్లండులోని జ్యూరిక్ నగరంలో లిమ్మాట్ నది ఒడ్డున, నీటిమీదికి వచ్చినట్లుగా కట్టిన పాత నగర సభాభవనం ఉన్నది. 1698లో పూర్తయిన ఆ భవనంలో 1938నాటికి లిమ్మాట్ నీటితో నడిచే హీట్ పంపు పని ప్రారంభించింది. ఎషర్ విస్ అనే యంత్రనిర్మాణ సంస్థ దానిని తయారు చేసింది.

ఈ కథలో మనసుకు మరింత దగ్గరగా వచ్చే ఘట్టం ఇంగ్లండులోని నారిచ్ పట్టణంలో జరిగింది. జాన్ సమ్నర్ ఆ పట్టణ విద్యుత్ శాఖకు ఇంజనీరు. రెండవ ప్రపంచయుద్ధం బొగ్గునూ ఇనుమునూ మనుషులనూ మింగివేసిన రోజులవి. కొత్త యంత్రం కావాలంటే దొరికే కాలం కాదు. ఆయన పాత సరకును పోగుచేశాడు. ఎప్పుడో 1920ల నాటి కంప్రెసరు ఒకటి సంపాదించాడు. శీతలీకరణ ద్రవంగా ఘాటైన వాసనగల సల్ఫర్ డయాక్సైడును వాడాడు. వెన్సమ్ నది నీటిని తెచ్చి, 1945లో విద్యుత్ శాఖ భవనాన్ని వెచ్చబరిచాడు. సగటున 147 కిలోవాట్ల వేడిని అది అందించింది. తిన్న విద్యుత్తుకు 3.42 రెట్లు వేడినిచ్చింది. అంటే 43 కిలోవాట్ల విద్యుత్తు లోపలికి పోతే, దాదాపు 104 కిలోవాట్లు వెన్సమ్ నది ఉచితంగా ఇచ్చినదన్నమాట. 1948లో ఆయన తన యంత్రాన్ని గురించి ఇంజనీర్ల సంఘం ముందు సవిస్తరమైన పత్రం ఉంచాడు.

ఆ పత్రానికి విలువ తెచ్చినది యంత్రం కాదు, కొలత. ఎవరైనా ఒక యంత్రాన్ని నిలబెట్టి అది బాగా పనిచేస్తున్నదని చెప్పవచ్చును. ఎన్ని డిగ్రీల నీరు లోపలికి వచ్చినది, ఎన్ని డిగ్రీలతో బయటికి పోయినది, మీటరు ఎంత తిరిగినది అని శీతకాలాల పొడుగునా వ్రాసి ఉంచిన మనిషి మాటకే లోకం తల ఒగ్గుతుంది. పాత ఇనుముతో కట్టిన యంత్రం నమ్మదగినది కావడానికి ఆ అంకెలే కారణం.

ఇక్కడే ఒక భేదం గుర్తించవలసి ఉన్నది. యంత్రానికి ప్రారంభోత్సవం వేరు, ప్రారంభం వేరు. ప్రారంభోత్సవానికి పూలదండలు, పెద్దమనుషులు, ఉపన్యాసాలు ఉంటాయి. అసలు ప్రారంభం అంతకు ముందే, ఎవరూ చూడని చోట, తడి నేలమీద, ఇద్దరు ముగ్గురు మనుషుల మధ్య జరిగిపోతుంది. మొదట పైపులన్నిటినీ నీటితో కడుగుతారు. అతుకులు వేసినప్పుడు రాలిన ఇనుపముక్కలు, ఇసుక, ఒక్కొక్కప్పుడు పనివాడు మరచిపోయిన గుడ్డపీలిక కూడ బయటపడతాయి. వాటిని అలాగే వదిలితే, కాగితమంత సందులుగల రేకుల మధ్య చేరి, నీటిదారిని పూడుస్తాయి. తరువాత శీతలీకరణ గొట్టాలలో పొడి నైట్రోజన్ వాయువు నింపి, ఒత్తిడి పడిపోతున్నదేమోనని గంటల తరబడి కాచుకొని కూర్చుంటారు. ఆ తరువాత గాలి అంతా లాగివేసి లోపల శూన్యం కల్పిస్తారు; మిగిలిన తేమ ఆ శూన్యంలో తానే ఆవిరై బయటికి పోతుంది. అప్పుడుగాని ద్రవాన్ని నింపరు. తొందరపడి ఈ మెట్లలో ఒకటి దాటినవాడు ఆ రోజుకు గంట కాలం మిగుల్చుకొంటాడు. యంత్రం మాత్రం ఆ గంటను ఏళ్ళ తరబడి వడ్డీతో వసూలు చేస్తుంది.

తప్పులలో అతి ప్రమాదకరమైనవి కనిపించని తప్పులు. మూడు ఫేజుల కరెంటు తీగలలో రెండు తారుమారైనాయంటే నీటిపంపు వెనక్కు తిరుగుతుంది. వెనక్కు తిరిగినా అది నీటిని కొంత నెడుతూనే ఉంటుంది. మోటారు మ్రోత వినిపిస్తుంది, ముల్లు కదులుతుంది, పైపు తడిగా ఉంటుంది. అన్నీ సవ్యంగా ఉన్నట్లే తోస్తుంది. రావలసిన నీటిలో సగమే వస్తున్నదని చెప్పేది అంకె ఒక్కటే. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ చల్లబడితే సుమారు 4.2 కిలోజౌళ్ళ వేడినిస్తుంది. నారిచ్ యంత్రంవలె నదినుంచి 104 కిలోవాట్లు తీసుకోవాలనుకొంటే, నీటిని 3 డిగ్రీలు మాత్రమే చల్లబరచే పక్షంలో సెకనుకు 8 లీటర్లకు పైగా నీరు పారవలసి ఉంటుంది. పారుదల సగమైతే అదే వేడికోసం నీరు 6 డిగ్రీలు చల్లబడాలి. శీతకాలపు నదికి ఉన్నవే నాలుగు డిగ్రీలు. ఇక ఆ నీరు రేకుల మధ్యనే గడ్డకడుతుంది. గడ్డకట్టిన నీరు ఉబ్బి రేకులను చీల్చుతుంది. నది యంత్రం కడుపులోకి వస్తుంది. అందుకే నీటి పారుదల తగ్గగానే కంప్రెసరును ఆపివేసే మీట ఒకటి అమర్చుతారు. ఆ మీట పనిచేస్తున్నదో లేదో, కావాలని నీటిని ఆపి, మొదటిరోజే పరీక్షించి చూస్తారు.

అన్నీ సరిపోయిన తరువాత ఆ రోజు అంకెలను ఒక కాగితం మీద వ్రాస్తారు. నీరు వచ్చే వేడి, పోయే వేడి, ఒత్తిళ్ళు, కరెంటు, జల్లెడకు ఇవతల అవతల గల ఒత్తిడి తేడా. బిడ్డ పుట్టిన గడియ వ్రాసిపెట్టిన జాతకచక్రంవంటిది ఆ కాగితం. తరువాతి కాలంలో యంత్రానికి ఏ జబ్బు చేసినా, దానిని ఆ కాగితంతో పోల్చి చూస్తేగాని తెలియదు. అది పోగొట్టుకొన్న యంత్రశాలలు ఎన్నో ఉన్నాయి. అక్కడి మనుషులు, యంత్రం ఆరోగ్యంగా ఉన్ననాడు ఎలా ఉండేదో ఎరుగకుండానే దానికి వైద్యం చేస్తూ ఉంటారు.

హీట్ పంపుకు ఒక దుర్గుణం ఉన్నది. అది నలుగురికీ తెలిసేటట్లు చెడిపోదు. పొయ్యి ఆరితే ఇల్లు వెంటనే చల్లబడుతుంది, ఇంటివారు లేచి చూస్తారు. హీట్ పంపు నలత పడితే మాత్రం ఇల్లు వెచ్చగానే ఉంటుంది. కంప్రెసరు ఇంకొంచెం సేపు, ఇంకొంచెం బలంగా పనిచేస్తుంది, అంతే. మోటతోలుకు చిల్లి పడినప్పుడు జరిగేది కూడ ఇదే. ఎద్దులు అన్నే తడవలు నడుస్తాయి, గిలక అలాగే కిర్రుమంటుంది, తాడు అలాగే బిగుస్తుంది. కాని దారిపొడుగునా నీరు తిరిగి నూతిలోకే కారిపోతుంది. పొలం గట్టున కూర్చున్నవానికి మ్రోత వినిపిస్తుందే తప్ప, కాలువలో నీరెంత పారుతున్నదో తెలియదు. తెలియాలంటే లేచి కాలువ దగ్గరకు నడిచి వెళ్ళవలసిందే.

అలా నడిచి వెళ్ళే మనిషే ఈ యంత్రానికి ఆయువుపట్టు. ఆయన పేరు ఏ శిలాఫలకం మీదా ఉండదు. ఆకురాలు కాలంలో నది ఒడ్డున ఉన్న చెట్లు తమ బరువు దింపుకొంటాయి. ఆ ఆకులన్నీ నీటిలో నాని, బురదై, జల్లెడను పట్టుకొంటాయి. ఆయన వాల్వులు మూసి, జల్లెడ తీసి, గుప్పెడు గుప్పెడుగా ఆ బురదను ఎత్తిపోస్తాడు. వేసవిలో రేకులమీద సన్నని పాకుడు పడుతుంది. నీటికీ శీతలీకరణ ద్రవానికీ మధ్య అది ఒక కంబళివలె అడ్డుపడుతుంది. వేడి తోడవలసిన ఎత్తు ఒక్క డిగ్రీ పెరిగినా యంత్రపు పొదుపులో సుమారు 2 నుంచి 3 శాతం తరిగిపోతుంది. ఇటీవలి సంవత్సరాలలో నల్లసముద్ర ప్రాంతపు నదులకు చెందిన క్వాగా అనే చిన్న ఆలిచిప్ప జాతి స్విట్జర్లండు సరస్సులలోకి చేరి, నీటిపైపుల లోపల గుంపులు గుంపులుగా అంటుకొని వాటిని పూడుస్తున్నది. నదీ సరస్సూ వేడినిచ్చే గిడ్డంగులు మాత్రమే కావు. అవి ప్రాణంగల చోట్లు. వాటితో పొత్తు పెట్టుకొన్నవాడు వాటి ఋతువులతో కూడ పొత్తు పెట్టుకోవలసిందే.

జాగ్రత్త అనేది యంత్రాన్ని ఎన్నుకోవడంతోనే మొదలవుతుందని లండనులోని ఒక అనుభవం తెలుపుతుంది. 1951లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున రాయల్ ఫెస్టివల్ హాలు అనే సంగీతశాలను ప్రారంభించారు. థేమ్స్ నీటితో దానిని వెచ్చబరచడానికి ఒక బ్రహ్మాండమైన హీట్ పంపును అమర్చారు. యుద్ధకాలంలో విమానాలు నడిపిన మెర్లిన్ ఇంజన్ల భాగాలను అందులో వాడుకొన్నారు. ఆకాశంలో పోరాడిన యంత్రం సంగీతం వినేవారికి వెచ్చదనం పంచడం అందమైన పరిణామమే. సాంకేతికంగా ఆ ప్రయోగం ఫలించింది కూడ. కాని అది ఆ భవనపు అవసరానికి మించి చాలా పెద్దది. అందువల్ల ఖర్చులో నిలదొక్కుకోలేకపోయింది. నాలుగు ఎకరాల రైతు నూటికి నలభై ఎద్దులు కట్టినట్లయింది. నారిచ్‌లో పాత ఇనుము చేయగలిగిన పనిని, ఇక్కడ మేలైన ఇనుము చేయలేకపోయింది. తేడా లోహంలో లేదు, లెక్కలో ఉన్నది.

జ్యూరిక్ భవనంలోని యంత్రం మాత్రం 2001 వరకు, అంటే 63 సంవత్సరాలపాటు పనిచేసింది. దానిని అమర్చిననాటి యువకుడు వృద్ధుడయ్యాడు. అతని తరువాతివారు, వారి తరువాతివారు కూడ దాని కంప్రెసరు మ్రోత విని ఉంటారు. ఆ యంత్రం నడిచిన కాలంలో మనిషి తన తప్పును కూడ ఒకటి తెలుసుకొన్నాడు. అందులో వాడిన ఆర్-12 అనే ద్రవం అంటుకోదు, విషం కాదు, వాసన లేదు. సల్ఫర్ డయాక్సైడు ఘాటును ఎరిగినవారికి అది వరమై తోచింది. కాని ఆ జాతి వాయువులు పైకి చేరి భూమికి గొడుగుపట్టే ఓజోన్ పొరను తినివేస్తాయని మోలినా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు 1974లో హెచ్చరించారు. 1987నాటి మాంట్రియల్ ఒప్పందంతో దాని వాడకం క్రమంగా నిలిచిపోయింది. సదుద్దేశంతో చేసిన పనిలో కూడ దోషముండవచ్చును. దానిని కొలిచి చూచి, ఒప్పుకొని, దిద్దుకోవడమే నిర్వహణ అనే మాటకు విశాలమైన అర్థం.

సమ్నర్ చూపిన దారిని అతని దేశం వెంటనే పట్టలేదు. 1965లో ఉత్తర సముద్రం అడుగున సహజవాయువు దొరికింది. అగ్గిపుల్ల గీస్తే చాలు, వేడి సిద్ధం. చౌకగా దొరికినదానిని విడిచి, జాగ్రత్తగా తోడుకోవలసినదాని వెంట ఎవరు పోతారు? కాల్చినదంతా పొగై ఆకాశంలోనే ఉండిపోయిందని, భూమి వేడెక్కుతున్నదని ఇప్పుడు అందరికీ తెలిసింది. దేశాలు తిరిగి నదులవైపూ సముద్రాలవైపూ చూస్తున్నాయి. నార్వేలోని డ్రామెన్ పట్టణంలో 2011నుంచి సముద్రపు పాయనీటినుంచి వేడి తోడి పట్టణపు ఇళ్ళకు పంచుతున్నారు. అక్కడ వాడేది పూర్వకాలపు అమోనియాయే. ఇటువంటి యంత్రాలు ఇంకా ఎన్నో రాబోతున్నాయి. వాటిని కొనడానికి డబ్బు దొరకవచ్చును. వాటి పక్కన కూర్చొని కనిపెట్టి చూచే మనుషులను ఎక్కడనుంచి తెస్తారన్నది అంతకంటె కష్టమైన ప్రశ్న. జల్లెడ కడిగే పనికి బిరుదులు లేవు. కడగని జల్లెడకు వెంటనే శిక్ష కూడ లేదు. శిక్షా బహుమానమూ రెండూ లేనిచోట పనిని నిలబెట్టేది మనిషి మర్యాద ఒక్కటే.

మంచుపట్టిన ఏదో ఒక ఉదయాన, ఏదో ఒక నది ఒడ్డున, నేలమాళిగలో దీపం వెలుగుతూ ఉంటుంది. పై అంతస్తులలో జనం కోట్లు విప్పి వ్రేలాడదీసి తమ పనులలో మునిగి ఉంటారు. గది ఎందుకు వెచ్చగా ఉన్నదని వారిలో ఎవరూ ఆలోచించరు. కింద ఒక మనిషి చల్లని పైపుమీద అరచేయి ఆనించి, ముల్లు చూచి, మొదటిరోజు కాగితంతో పోల్చుకొంటాడు. రెండిటికీ తేడా అర డిగ్రీ. ఆయన ఆ అర డిగ్రీని లాగ్‌బుక్కులో వ్రాసి, చొక్కా చేతులు పైకి మడుచుకొని, జల్లెడ విప్పడానికి వంగుతాడు.